దోమల తవిటయ్య గుంట

మా రైల్వే కాలనీ ట్రాఫిక్ సెటిల్‌మెంట్‌లో ఆయన్ని అందరూ దోమల తవిటయ్య అనేవారు. రైల్వే మలేరియా గ్యాంగులో ఖలాసీ. మురిక్కాలవల్లో, నిలవ నీళ్లల్లో నూనె పోసి దోమపిల్లల్ని చంపడం ఉద్యోగం. ఆ పనిలో తనకు తెలియనిది లేదని మహా గర్వం. పోయినవాడు కదా అని నేను మొహమాటపడను, గర్వమే.

పందొమ్మిది వందల యాభై ఎనిమిది వేసవిలో ఆయన ఒక్కగానొక్క కూతురు చిలకమ్మ మొదటి పురిటికి వచ్చింది. తల్లి లేని పిల్ల. పుట్టబోయే బిడ్డకు నీళ్లు పోయడానికని ఆయన కొత్త ఇత్తడి బిందె కొనిపెట్టాడు. పక్కపక్కనే ఉన్న మా రెండు క్వార్టర్ల వెనకా ఒకటే గుంట. అందులో నాచు, మా అమ్మ సూసన్న పెంచే బాతులు, గోరంత చేపపిల్లలు. చేపలున్న నీళ్లల్లో నూనె పోయకూడదని గ్యాంగులో అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. కానీ కూతురి చేతిమీద ఒక దోమకాటు కనబడింది. ఆ సాయంత్రమే నూనె డబ్బా ఇంటికి మోసుకొచ్చాడు.

మా అమ్మ అడ్డం వెళ్లింది. "అన్నా, ఆ సేపపిల్లలు తినేది దోమపిల్లల్నే. ఆటిని సంపేస్తే రేపు ఎవులు తింటారు?"

"నా పని నాకే సెప్తావేటి, సూసన్నా? నీ బాతుల్ని కట్టేసుకో!" అని డబ్బా మొత్తం కుమ్మరించేశాడు.

మర్నాటికి చేపపిల్లలన్నీ తెల్లగా తేలాయి. మూడు వారాలు ఒక్క దోమ లేదు. ఆయన మీసం మెలేసుకుంటూ మా గుమ్మం ముందే తిరిగాడు. తర్వాత వానలు పడి గుంట పొంగి నూనె కొట్టుకుపోయింది. దోమలు తిరిగొచ్చి గుడ్లు పెట్టాయి, చేపలు మాత్రం తిరిగి రాలేదు. ఆయన మళ్లీ నూనె పోశాడు, మళ్లీ వాన కడిగేసింది.

తొమ్మిదో నెలలో చిలకమ్మకు చలిజ్వరం వచ్చింది. ఆస్పత్రిలో మందు పడుతూనే ఉంది. నాలుగో రోజు బిడ్డ కడుపులోనే పోయింది. ఆరో రోజు చిలకమ్మ పోయింది.

తవిటయ్య మా గుమ్మంలో కూలబడి, "నేనే సంపుకున్నాను, సూసన్నా" అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

తర్వాత దగ్గర్లోని ఇందా పేటలో ఒక జాలరి దగ్గర చేపపిల్లలు అడిగి తెచ్చాడు. నూనె డబ్బానే బూడిదతో తోమి అందులో తెస్తే దారిలోనే చచ్చిపోయాయి. రెండోసారి ఆ ఇత్తడి బిందెలో తెచ్చాడు. గుంటలో వదిలితే బతికాయిగానీ, నూనెకు నాచు కూడా చచ్చిపోయి, దాక్కోను చోటు లేక కొంగలపాలయ్యాయి. అప్పుడు నాచు తెచ్చాడు. చంపడానికి ఒక్క సాయంత్రం చాలింది, గుంట మళ్లీ గుంట కావడానికి మూడేళ్లు పట్టింది.

అరవై తొమ్మిదిలో నేను పురిటికి పుట్టింటికొచ్చాను. ఆయన రోజూ పొద్దున్నే గుంట గట్టున కూర్చుని నీళ్లలోకి చూసేవాడు, మా ఇంట్లోకి మాత్రం వచ్చేవాడు కాదు. బిడ్డ పుట్టిన పదకొండో రోజున ఆ ఇత్తడి బిందె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. తళతళా తోమిన బిందె.

"దోమ కుట్టనేదు కదమ్మా?"

"లేదు మావయ్యా. ఒక్కటీ కుట్టలేదు."

పాప రెండు చేతులూ తిప్పి తిప్పి చూశాడు. తర్వాత బిందె నా కాళ్ల దగ్గర పెట్టి, కూతురు చిలకమ్మను పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చాడు.