ఇంటెత్తు పట్టుపురుగులు

కేజీఎఫ్ దగ్గర మారికుప్పంలో రైలు దిగుతుండగా ఫోను వచ్చింది, చిన్నాయన పోయాడని. బెంగళూరు నుంచి సాయంత్రం బండికి వచ్చే మాలో చాలామందికి ఆయన బళ్ళో డ్రాయింగు మాస్టారు. నాకు మా నాయన తమ్ముడు. వార్త చెప్పగానే నాతోపాటు ఇంకొందరు ప్లాట్‌ఫారం బెంచీల మీద కూలబడ్డారు.

ఆయన శిల్పి కూడా. శిల్పి అంటే రాతి దేవుళ్ళను చెక్కేవాడేమో అనుకుంటారు. ఆయనది వెదురు పని. నంగలి దగ్గర మా ఊళ్ళో మాది పట్టుపురుగులు పెంచే ఇల్లు. పురుగులు గూళ్ళు కట్టుకునే వెదురు చంద్రికలు పాతబడితే మా నాయన పొయ్యిలో పెట్టేసేవాడు. చిన్నాయన వాటిని బతిమాలి తెచ్చుకుని, కేజీఎఫ్‌లో తన క్వార్టర్సు ముందు విప్పి, తడిపి, వంచి, పురికొసతో కట్టి ఇంటెత్తు పురుగులను చేసేవాడు. మేకు కొట్టడు. కొడితే దానికి నొప్పి అంటాడు, నవ్వకుండానే. దారినపోయే తమిళ ముసలమ్మలు ఏ పండగకు సార్ ఈ పందిరి అని అడిగితే, వచ్చే పండగకే అని ఓపిగ్గా చెప్పేవాడు. ఏ పండగో ఆయనకూ తెలియదు.

ఇంత పెద్దవి ఎందుకు, కాస్త చిన్నగా చేస్తే ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారు కదా అని ఒకసారి అన్నాను.

"జన్మంతా ఆ పురుగు మనల్ని తలెత్తి చూసిందమ్మా. ఒక్కతూరి మనం తలెత్తి దాన్ని చూస్తే ఏం పోతాది?" అన్నాడు.

నాకు తిన్నగా గీత గీయడం రాదు. ఆయన ఎంత నేర్పినా రాలేదు. అయినా నా వంకర గీతల్లో ఏదో ఒకటి వెతికి మెచ్చుకునేవాడు. అంత దొడ్డ మనసు ఆయనది.

ఆయన్ని మెచ్చుకునేవాళ్ళకూ కొదవ లేదు. కానీ ఆయనకు కావలసింది ఒక్క మా నాయన మెప్పు. నాయనేమో తమ్ముడు చేసినవాటిలో ఒక్కటీ చూసిన పాపాన పోలేదు. గూడు కట్టని పురుగు, మార్కెట్టుకు పోని పురుగు, దాన్ని చూడ్డానికి బస్సెక్కాలా అని వెటకారం. చిన్నాయన తల వంచుకుని అన్నం కలుపుకునేవాడు. ఆ మాట ఎంత గుచ్చుకునేదో నాకు తెలుసు. ఆ పూట మజ్జిగ దాకా రాకుండానే లేచిపోయేవాడు.

తమక అనే ఊళ్ళో ఖాళీగా పడి ఉన్న షెడ్డొకటి దొరికి, తన పనులన్నీ కలిపి ప్రదర్శన పెట్టినప్పుడు, మా అమ్మ పోరు పడలేక నాయన వచ్చాడు. వచ్చి ఏం చేశాడనుకున్నారు? బయటే చెప్పులు విడిచి, కుళాయి కింద కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపలికి నడిచాడు. పురుగుల గదిలోకి మేం అట్లాగే వెళ్తాం. ఆ వెదురు పురుగుల మధ్య చాలాసేపు తిరిగాడు. తర్వాత వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అప్పుడే కారు దిగి వస్తున్న ముఖ్య అతిథి దగ్గర సెంటు గుప్పుమంటోంది. సెంటు వాసన తగిలితే పురుగులు ఆకు ముట్టవని మా ఇళ్ళల్లో పట్టింపు.

"ఈ వాసనతో లోపలికి వద్దు సామీ. పురుగులుండాయి," అన్నాడు నాయన.

మేం సిగ్గుతో చచ్చాం. అతిథి బిత్తరపోయి చిన్నాయన వైపు చూశాడు. చిన్నాయన ఆయన్ని పట్టించుకుంటేనా! అన్న ముఖంలోకే చూస్తూ, "ఎట్లుండాయన్నా?" అని అడిగాడు.

నాయన వెనక్కి తిరిగి ఇంకోసారి తేరిపార చూశాడు.

"ఆకలిమీదుండాయి కదరా. ఆకు వేసినావా?"

చిన్నాయన అక్కడే, అందరి ముందూ, కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాడు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు నాయన మల్బరీ ఆకు మూటతో దిగాడు. చిన్నాయన ఎదురెళ్ళి దాన్ని తన నెత్తికెత్తుకున్నాడు. జనం ఇంకా రాని ఆ షెడ్డులో, అన్నదమ్ములిద్దరూ చెరోవైపు నుంచి, ఇంటెత్తు పురుగుల కింద పచ్చి ఆకు పరుచుకుంటూ పోయారు.