ఆఖరి పేజీ అడిగే మేడమ్

మొన్న బుధవారం ఆత్మకూరు కాలేజీలో రెండో పీరియడు చెబుతుండగా బేతంచెర్ల నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే మేస్త్రీ. పాఠం మధ్యలో నేను ఫోన్ ఎత్తను. ఆయన వదలకుండా మూడుసార్లు చేశాడు. బయటికొచ్చి ఎత్తితే, "సార్, మన మేడమ్ పోయిందంట. తెల్లారుజామున గుండెపోటంట. రేపు ఎర్రగుంట్లలో మట్టి చేస్తారంట" అన్నాడు. మళ్లీ క్లాసులోకి వెళ్లాను గానీ ఎక్కడ ఆపానో గుర్తు రాలేదు. పిల్లలను పంపించేశాను.

ఆమె గురించి పేపర్లో రెండు ముక్కలు కూడా రాలేదు. కర్నూలులో ఒక ట్రస్టు నడిపే మ్యూజియంలో పరిశోధన గ్రాంట్ల విభాగానికి ఆమె అధిపతి. మ్యూజియంలో ప్రతి విగ్రహం కిందా, ప్రతి నాణెం కిందా ఒక చీటీ ఉంటుంది. ఆ వివరం తేల్చినవాడిని నమ్మి పనికి పంపిందెవరో ఏ చీటీలోనూ ఉండదు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ కార్మికుడి కూతురు, టైపిస్టుగా చేరి, అదే విభాగంలో ఒక్కో మెట్టూ ఎక్కి పెద్ద కుర్చీ దాకా వచ్చారు. నిరుడే రిటైరయ్యారు.

అప్లికేషన్లను ఆమె వెనక నుంచి ముందుకు చదివేవారు. ఇంటర్వ్యూకు ఎంతటివాళ్లు వచ్చినా ఒకటే ప్రశ్న. "తెల్సింది శానా రాసినావప్పా. నీకు తెలియంది యాడుండాది ఇందులో?" పెద్ద పెద్ద ప్రొఫెసర్లు నీళ్లు నమిలేవారు. పని పూర్తయ్యాక ఇచ్చే నివేదికలో ఆఖరి పేజీ ఒకటి తప్పనిసరి. 'ఇంకా తెలియనిది, మేం పొరబడినది' అని దానికి ఆమే పేరు పెట్టారు. ఆ పేజీ లేకపోతే నివేదిక ముట్టుకునేవారు కారు. ఇదెక్కడి తద్దినమని చాలామంది బయటికొచ్చి విసుక్కున్నారు. వాళ్లలో నేనూ ఉన్నాను.

నేను వృక్షశాస్త్రం లెక్చరర్ని. మా ఇంటి నేలకు పరిచిన బేతంచెర్ల బండల మీద ఫెర్న్ ఆకుల్లాంటి నల్లని గుర్తులు కనిపించాయి. మొక్కలు చదివినవాడికి రాతిలోనూ మొక్కే కనిపిస్తుంది కదా. ఇవి ఆదిమకాలపు ఆకుల ముద్రలేనని తీర్మానించుకుని అప్లికేషన్ పెట్టాను. చోటు చూడందే ఆమె సంతకం పెట్టరు. బేతంచెర్ల వచ్చి, పాలిష్ యంత్రం పక్కన ఆ తెల్లటి రాతిబురదలో చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని గొంతుకూర్చున్నారు. మేస్త్రీ బండ మీద చెంబుడు నీళ్లు పోస్తే ఆకులు నల్లగా పైకి తేలాయి.

"ఇట్లాంటివి ఏ గని రాయిలో ఎక్కువొస్తాయప్పా? కొనేటోళ్లు ఇష్టపడతారా?"

"మచ్చబండలని పక్కన పడేస్తారమ్మా. ఇవేందని ఇంతవరకూ మమ్మల్ని ఎవురూ అడగలేదు."

గంటసేపు ఆయన్నే అడిగారు. పక్కన నిలబడిన నన్ను మర్చిపోయారేమో అనిపించింది. తిరుగు ప్రయాణంలో మాత్రం, "ఆయన చేతులకు తెల్సింది నీ పుస్తకాల్లో ఉండాదో లేదో చూడు" అన్నారు. కాలేజీ టీచర్లకిచ్చే చిన్న గ్రాంట్ల అప్లికేషన్లను అప్పట్లో బయటి నిపుణుల పరిశీలనకు పంపేవారు కాదు. ఆమె సంతకం చేశారు, నాకు గ్రాంటు వచ్చింది.

మా కాలేజీ సంబరం ఇంతా అంతా కాదు. గేటుకు ఫ్లెక్సీ కట్టారు. 'ఆదిమ పత్రాల ఆవిష్కర్త' అని, మెడలో దండతో నా ఫోటో. ఆవిష్కరణ ఇంకా కాలేదని చెబుదామనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఫోటో బాగా వచ్చిందని ఊరుకున్నాను.

నా కోసం మచ్చబండలను ఏరి పెడుతున్న మేస్త్రీ ఒకరోజు తల గోక్కుంటూ వచ్చాడు. "ఏమనుకోవద్దు సార్. ఆకైతే కాడకు కదా పుట్టేది. ఇవన్నీ పగులు అంచు నుంచే మొలుస్తాండాయి. ఒక్కటి గూడా బండ నడిమి నుంచి మొదలు కాలేదు." ఏరిన బండలన్నీ తిరగేసి చూశాను. ఆయన చెప్పిందే నిజం. రాళ్ల శాస్త్రం తెలిసినాయనకు చూపిస్తే నవ్వేశాడు. పగుళ్లలో దూరిన నీళ్లు మోసుకొచ్చిన ఖనిజం అలా కొమ్మలు కొమ్మలుగా అంటుకుంటుందట. ఆకూ కాదు, అలమూ కాదు.

నిజం రాస్తే మ్యూజియం ఇక నన్ను గడప తొక్కనివ్వదు, కాలేజీలో తల ఎత్తుకోలేను. అందుకని 'పత్రాలను పోలిన ఆకృతులు' అంటూ నివేదికంతా గోడ మీద పిల్లిలా రాశాను. ఆఖరి పేజీలో ఒకటే వాక్యం: 'ఈ అంశంపై మరింత పరిశోధన జరగవలసి ఉంది.'

వారంలోపే కర్నూలు రమ్మన్నారు. వెళ్లగానే ఉగ్గాని, బజ్జీ తెప్పించి ముందు తినమన్నారు. తర్వాత ఆ పేజీ నా ముందుకు తోశారు.

"ఈ మాట ఏ నివేదిక కిందైనా అతికించొచ్చు. నీ మాట ఏదప్పా?"

"అవి ఆకులు కావు మేడమ్" అన్నాను.

తిడతారనుకున్నాను. ఆమె కళ్లద్దాలు తీసి ముందుకు వంగారు. "కాదా! మరి అచ్చం ఆకు మాదిరే ఎందుకు పెరుగుతాండాయి?"

"తెలియదు మేడమ్."

"ఆ ఒక్క మాట చెప్పనీకి ఇన్ని పేజీలు చుట్టు తిరిగొచ్చినావా? కూచోని రాయి. పగులు సంగతి ముందు చూసిందెవురు? ఆయన పేరు గూడా పెట్టు."

అక్కడే కూర్చుని రాశాను. నెల తర్వాత కమిటీ ముందు నిలబెట్టారు. ఇలాంటివాడిని గ్రాంట్ల జాబితాలోంచి తీసేయాల్సిందేనని ఒక సభ్యుడు గట్టిగా అన్నాడు. ఆమె వాదించలేదు. నా పేజీ పక్కన తను రాసిన పేజీ ఒకటి పెట్టారు. రాళ్లు తెలిసినవాళ్లను అడగకుండా సంతకం చేసింది తానేనని, ఇకమీదట చిన్న గ్రాంట్లయినా నిపుణులకు చూపించాకే ఇవ్వాలని అందులో ఉంది. అంత పెద్ద కుర్చీలో ఉన్న మనిషి తన తప్పు తన చేత్తో రాసి అందరి ముందు పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. నా పేరు జాబితాలోనే ఉంచారు. ఆ వారమే ఫ్లెక్సీ తాళ్లు నేనే విప్పాను.

ఇంత చేశారని ఆమెను దేవతను చేయబోవడం లేదు. మరుసటేడు నేను పెట్టిన అప్లికేషన్‌ను వెనక్కి పంపేశారు. "ఇందులో అన్నీ నీకు తెల్సినవే ఉండాయి, పో" అన్నారు. ఆరునెలలు ఆమెతో మాట్లాడలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఆరునెలలకే ఎక్కువ ఏడుపొస్తుంది.

గురువారం ఎర్రగుంట్ల వెళ్లాను. మేస్త్రీ పొద్దున బండికే వచ్చేశాడు. చర్చిలో ప్రార్థన ఇంకా జరుగుతోంది. మేస్త్రీ, నేను, ఆమె దగ్గర గ్రాంటు తీసుకున్న ఇంకొంతమందిమి ముందుగా సమాధుల తోటకు నడిచాం. ఆ నేల అంతా రాయి. గడ్డపారలతో తవ్వినవాళ్లు అప్పుడే పైకెక్కి చెమట తుడుచుకుంటున్నారు. మేస్త్రీ గుంత అంచున కూర్చుని లోపలికి తొంగిచూశాడు.

"సార్, ఇట్ల రండి. పైన ఎర్రమన్ను, దాని కింద నల్లరాయి. నడుమ ఈ తెల్ల చార ఏంది సార్?"

అందరూ లెక్చరర్ కదా అని నా వైపు చూశారు.

"తెలియదు" అన్నాను.

"నేను ఈడ శానా గుంతలు తవ్వినా. అన్నిట్లోనూ ఉండాదప్పా ఆ చార" అన్నాడు గడ్డపార పట్టుకున్నాయన.

"అన్నిట్లో ఇంతే లోతులోనా?" అని ఎవరో అడిగారు. "ఇంతే మందమా?" అని ఇంకొకరు. చర్చి దిక్కు నుంచి పాట దగ్గరవుతోంది. ఆమె పెట్టె వచ్చేదాకా మేం ఆ గుంత చుట్టూ వంగి లోపలికి చూస్తూనే ఉన్నాం.