పదిహేను కాళ్ల చిప్పు

ఆ రోజుల్లో మామయ్య పొద్దున్నే మొహం కడుక్కుని కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవాడు. కళ్లు మూసుకుని ఎడమచెయ్యి చాపేవాడు. మా అత్త స్టీలు పళ్లెంలోంచి ఒక్కో వస్తువూ తీసి ఆ అరచేతిలో పెట్టేది.

"చెంచా."

"ఊఁ. ఇది?"

"దువ్వెన."

"ఇది?"

"తాళంచెవి. నగల్లేని బీరువాది."

అత్త నవ్వేది కాదు. పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది.

పక్షవాతం తర్వాత ఎడమచెయ్యి నెమ్మదిగా కదిలింది కానీ స్పర్శ రాలేదు. ఇది ఆసుపత్రిలో నేర్పిన అభ్యాసం. మామయ్యది ఎడమచేతి వాటం. కొన్ని వారాలుగా అతను ఒక్కటీ తప్పు చెప్పకపోయేసరికి, స్పర్శ వచ్చేసిందని అత్త చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పింది.

మామయ్య ఒక సౌండు షాపులో ఆంప్లిఫయర్లు కట్టేవాడు. అతను కట్టిన సబ్‌ఊఫర్ మోగితే పక్కింటి అల్మరాలో గ్లాసులు కదిలేవి. అందుకే బజార్లో అతన్ని దడదడన్న అనేవారు. స్పర్శ వచ్చిందని విని షాపు ఓనరు ఇంటికొచ్చాడు.

"అన్నా, ఇంట్లోనే కూర్చుని ఒక సబ్‌ఊఫర్ ఆంప్లిఫయర్ కట్టి పంపు. అది ఆడితే షాపులో నీ బల్ల నీదే. లేదంటే ఇంకొకర్ని పెట్టుకోవాలి. ఏమీ అనుకోకు."

"అనుకోవడానికేముంది," అన్నాడు మామయ్య.

ఆ సాయంత్రం ఏ చిప్పు వాడాలన్న మాట వచ్చింది. అత్త ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే చోట పనిచేసేది కాబట్టి చిప్పుల నంబర్లన్నీ ఆమెకీ తెలుసు.

"ఇరవై యాభై చాలు," అన్నాడు మామయ్య.

"ఇరవై యాభయ్యా? అది దోమల కచేరీకి పనికొస్తుందని మీరేగా అనేవారు?"

"ఇంట్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ చిన్నది."

"పెద్దది నేను చుట్టి తెస్తాను. డెబ్బై రెండు తొంభై నాలుగు పెట్టండి."

"అది బాగా వేడెక్కుతుంది. ఆ వేడి లాగడానికి పెద్ద హీట్‌సింక్ కావాలి."

"మంచం కింద ఉంది. ఊడ్చేటప్పుడల్లా నా కాలికి తగులుతూనే ఉంటుంది."

"బజార్లో అన్నీ నకిలీవే."

"నకిలీదేదో మీకు చెప్పాలా?"

మామయ్య అడిగిన చిన్న చిప్పుకి ఐదు కాళ్లు. పెద్దదానికి పదిహేను, ఒకదాన్నొకటి రాసుకున్నట్టు ఉంటాయి. కాళ్ల మాట మాత్రం అతను ఎత్తలేదు.

భయపడుతున్నాడని అత్త అనుకుంది. నీళ్లలోకి తోస్తే ఈత అదే వస్తుందన్నట్టు, అన్నం వేళ పనిచోటే కూర్చుని ట్రాన్స్‌ఫార్మర్ చుట్టింది. పెద్ద చిప్పు తనే కొని తెచ్చింది.

మామయ్య కట్టాడు. సోల్డరింగ్ ఐరన్ ఎడమచేత్తోనే పట్టుకుని, కళ్లు చేతి మీంచి తిప్పకుండా కట్టాడు. రెండు కాళ్లు సీసంతో అతుక్కుపోతే విడదీసేవాడు. మళ్లీ అతుక్కునేవి, మళ్లీ విడదీసేవాడు.

ఒక ఆదివారం ఆన్ చేశారు. మోత నేలలోంచి వచ్చింది. పక్కింటి గ్లాసులు కదిలాయి. అత్త తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

కాసేపు మోగనిచ్చి, మామయ్య అలవాటుగా ఎడమచేతి చూపుడువేలు చిప్పుకి ఆనించాడు. షాపులో అందరూ చేసే పనే. మూడు లెక్కపెట్టేదాకా వేలు ఆగగలిగితే చిప్పు క్షేమంగా ఉన్నట్టు.

"ఒకటి, రెండు, మూడు. గోరువెచ్చగా ఉంది, అంతే."

వేలు తియ్యలేదు. దాని కొస తెల్లబడటం అత్త చూసింది. వచ్చి చెయ్యి లాగేసింది, స్విచ్చి కట్టేసింది. చిప్పుని హీట్‌సింక్‌కి పట్టి ఉంచే స్క్రూ వదులుగా ఉంది. బిగిసిందో లేదో బిగించిన వేళ్లకి తెలియలేదు.

"ఎప్పట్నుంచి?" అంది అత్త.

"స్పర్శ అసలు రాలేదు."

"మరి రోజూ చెంచా, దువ్వెన?"

"పళ్లెంలోంచి తీసేటప్పుడు చప్పుడవుతుందిగా. చెంచాది ఒక చప్పుడు, దువ్వెనది ఒక చప్పుడు. చెవులు బాగానే ఉన్నాయి."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అప్పటికే అందరికీ ఫోన్లు చేసేశావు."

అత్త వేలికి మందు రాసింది. మామయ్య ఆ వేలిని ఇంకెవరిదో అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. మంట లేదు కాబట్టి ఊదుకోలేదు. తర్వాత ఆమె స్క్రూ బిగించి, మూత పెట్టింది. ఇద్దరూ అన్నం తిన్నారు.

మర్నాడు అత్తే ఆంప్లిఫయర్ షాపుకి పట్టుకెళ్లింది. ఓనరు పెట్టి విన్నాడు.

"దడదడన్న పోలేదు, అలాగే ఉన్నాడు. ఎప్పట్నుంచి వస్తాడక్కా?"

"రాడు. చేతికి స్పర్శ తెలియడం లేదు."

ఓనరు సౌండు తగ్గించాడు. మూత విప్పి కాసేపు లోపలికి చూశాడు.

"ట్రాన్స్‌ఫార్మర్ ఎవరు చుట్టారు?"

"నేనే."

"సోల్డరింగ్ కూడా వచ్చా?"

"వచ్చు," అంది అత్త.

ఇప్పుడు ఆ బల్ల దగ్గర అత్త పనిచేస్తోంది. మామయ్య ఇంట్లో వంట చేస్తాడు, పొయ్యి దగ్గర కుడిచెయ్యే వాడతాడు.