గోడ కింద చావవలసిన వాణ్ణి

ఆ రోజుల్లో ఆదివారం వచ్చిందంటే వికారాబాదులో నా ఈడువాళ్ళు అనంతగిరి గుట్ట ఎక్కేవారు, లేదా ఎవరి అరుగు మీదో చేరి పేకముక్కలు పరిచేవారు. నేను మాత్రం పొద్దున్నే ప్యాసింజరెక్కి తాండూరు పోయి, అక్కడ చచ్చిపోయి, సాయంత్రం బండికి ఇంటికి తిరిగి వచ్చేవాణ్ణి. (“సచ్చేటోనికి రానుపోను టికెట్టెందుకుర, పోయే టికెట్టొక్కటి సాలదా?” అని మా బావ వారం వారం అనేవాడు. వారం వారం తానే నవ్వుకునేవాడు కూడా.) ఇందులో తెలివితక్కువతనం పూర్తిగా నాదే, ఎవరికీ వాటా లేదు. తెలివి ఉన్నవాడు ఎవడూ “ఎవరు సస్తరు?” అని అడిగితే చెయ్యెత్తడు. నేను ఎత్తాను.

అడిగినాయన తాండూరులో నాకు చరిత్ర చెప్పిన మాస్టారు. ఆయన్ని ఊరంతా శాసనం సారు అనేవారు. ఎక్కడ రాతి మీద అక్షరం కనబడినా చెప్పులు విడిచి కూర్చుని చదవడం ఒక కారణం, ఆయన నోట ఏ మాట వస్తే అదే శాసనం కావడం రెండో కారణం. హైదరాబాదు రాజ్యం పోయి, కొత్త రాష్ట్రం వచ్చి, అణాలు పోయి, నయా పైసలు ఇంకా నోటికెక్కని కాలం అది. అంతా కొత్తగా ఉన్నప్పుడు సారు మనసు పాతదాని మీదకు పోయింది. చరిత్రను చదివితే చాలదు, ఆడాలి అన్నారు. నాటకంలా కాదు, తెరలుండవు, పద్యాలుండవు, పాటలుండవు. యుద్ధం ఎలా జరిగిందో అలాగే బయలు మీద మళ్ళీ జరగాలి. బళ్ళో పాత విద్యార్థులం, బండల కార్ఖానా పనివాళ్ళు, కందుల గంజి బజారులో మూటలెత్తే హమాలీలు కొందరు, ఇదీ మా సైన్యం. గ్యాసునూనె డబ్బాల రేకుతో కవచాలు చేసుకున్నాం. గోనె పీచుతో గడ్డాలు కట్టుకున్నాం. నా శిరస్త్రాణం మా అక్క వంటింట్లోది, సత్తు సర్వ. దాన్ని బోర్లించి పెట్టుకుంటే చెవులదాకా దిగేది, అందువల్ల యుద్ధంలో నాకు శత్రువుల కేకల కంటే నా ఊపిరి చప్పుడే ఎక్కువగా వినిపించేది.

నేను చావుకు చెయ్యెత్తింది వీరత్వం వల్ల కాదు, భయం వల్ల. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు నాలుక పిడచకట్టుకుపోయేది. రాజుకు మాటలుంటాయి, మంత్రికి మాటలుంటాయి, ఆఖరికి వేగులవాడికి కూడా రెండు ముక్కలుంటాయి. చచ్చేవాడికి ఏముంటుంది? ‘అబ్బా’ అంటే అయిపోయె. ఆ లెక్కన బాణం తగిలి చచ్చాను, ఈటె తగిలి చచ్చాను, ఒకసారి విషం తాగి కూడా చచ్చాను (అది మజ్జిగ, ఉప్పు ఎక్కువైంది, కాబట్టి ఆ రోజు మొహం బాగా కుదిరింది). సారు మెచ్చుకునేవారు. “మనోడు మంచిగ సస్తడు” అని పదిమందిలో అనేవారు. ఆఫీసులో గుమాస్తాగా నన్ను ఒక్క మెచ్చుకోలు మాట అన్నవాళ్ళు లేరు గనుక, ఆ పొగడ్తకు నేను పొంగిపోయి ఇంకా బాగా చచ్చేవాణ్ణి.

అలా సాఫీగా చస్తూ ఉండగా సారుకు ఓరుగల్లు కోట ముట్టడి మీద మనసు పడింది. ఢిల్లీ సైన్యం వచ్చి కోటను చుట్టుముట్టడం, గోడ కూలడం, బురుజు కాచే నాయకుడు ఆ గోడ కిందపడి ప్రాణం విడవడం. ఆ నాయకుడి పేరేమిటని అడిగాను. పేరు దొరకలేదన్నారు. పేరు దొరకనివాడి చావు ఎట్లా దొరికిందని అడిగాను.

“గోడ ఉండె గద?” అన్నారు సారు.

“ఉండె సార్.”

“గోడను కాసేటోడు ఉండాలె గద?”

“ఉండాలె సార్.”

“గోడ కూలింది. మరి వాడేమైనట్టు?”

ఆయన తర్కంలో ఉన్న గోడ ఒక్కటే ఎప్పుడూ కూలేది కాదు.

నాకు చెమటలు పట్టించింది గోడ ఉండడం కాదు, గోడ నిజంది కావడం. అంతకుముందు తడికలకు ఎర్రమట్టి జాజు పూసి కోట అనిపిస్తే జనం నవ్వారు. ఆ నవ్వు సారు గుండెలో దిగబడిపోయింది. ఈసారి కార్ఖానా యజమానిని, మేమంతా బండల సేటు అనే పెద్దమనిషిని, ఒప్పించి పాలిషైన తాండూరు బండలే తెప్పించారు. “తీస్కపోండ్రి సార్, మాలు నలుగురు సూస్తరు. ఒకటో రెండో పల్గినా ఫికర్ లేదు” అన్నాడట సేటు. బండలు పలిగితే ఫికర్ లేదన్నాడు గానీ వాటి కింద ఉండేవాడి తల సంగతి ఆయన ఎత్తలేదు, సారూ ఎత్తలేదు. కార్ఖానా వెనుక మైదానంలో సున్నమూ మట్టీ లేకుండా, ఉత్తగా బండ మీద బండ పేర్చి, నా సర్వ కంటే ఎత్తున గోడ లేపారు. నీలం బండొక వరస, పసుపు బండొక వరస. చూడ్డానికి ముచ్చటగా ఉంది. దాని వెనుక నిలబడి చూస్తే మాత్రం ముచ్చట తీరిపోయేట్టు ఉంది.

ఒక ఆదివారం ధైర్యం చేసి సారును పక్కకు పిలిచాను. “సార్, గోడ వడేటప్పుడు నేను జర పక్కకు దొర్లుత.”

“దొర్లు, ఎవలద్దన్నరు? కని ముందుగాల దొర్లితె పబ్లిక్‌కు ఎర్కైతది. గోడ వడ్డంక దొర్లు.”

“గోడ వడ్డంక నేనెట్ల దొర్లుత సార్?”

సారు గోడను ఎగాదిగా చూశారు. “అది నిజమే” అన్నారు. నాకు ప్రాణం లేచివచ్చింది. “అయితె దొర్లకు” అన్నారు.

పోనీ ఒకసారి గోడ పడగొట్టి అభ్యాసం చేద్దామన్నాను. కోట రోజూ కూలదు, కూలితే ఒక్కసారే కూలుతుంది, ఆ ఒక్కసారీ జనం ముందు కూలాలన్నారు. కింద గడ్డి పరిపిస్తాననీ, పైన రెండు వరసలే నా వైపు పడేట్టు దూలంతో ఎక్కడ పొడవాలో పెద్ద మేస్త్రికి చెప్పాననీ అభయం ఇచ్చారు. పెద్ద మేస్త్రి కార్ఖానాలో పనివాళ్ళకు నాయకుడు, మా యుద్ధంలో ఢిల్లీ సేనాపతి. మాట తక్కువ మనిషి. ఆయన మొహం చూస్తే నా తల సంగతి ఆయనకు చెప్పారో లేదో తెలిసేది కాదు.

ఇక ఇంట్లో. నేను వికారాబాదులో అక్క ఇంట్లోనే ఉండేవాణ్ణి. సంగతి అక్కకు తెలిసింది (చెప్పింది బావే, నవ్వుతూ చెప్పాడు, నవ్వుతూ ఉండగానే తిట్లు తిన్నాడు).

“ఏందిరా తమ్మీ, నిజం బండలేనా?”

“నిజం బండలే అక్క. కింద గడ్డేస్తరు.”

“గడ్డి నీ కిందేస్తరు. బండలు నీ మీదేస్తరు. మధ్యల నువ్వున్నవ్. రానని చెప్పు.”

“సారుకు ఎట్ల చెప్పాలె అక్క?”

“నోటితోని చెప్పు. నోరు లేదా?”

అదే కదా నా బాధ. నోరు విప్పలేకనే చావడానికి ఒప్పుకున్నవాణ్ణి, చావనని చెప్పడానికి నోరెక్కడ తేను? యుద్ధానికి మిగిలిన నాలుగు రోజులూ అన్నం సహించలేదు. ఆఫీసులో ఫైలు మీద బరువుకు పెట్టిన చిన్న బండముక్క చూసినా తల మీద చెయ్యి పెట్టుకునేవాణ్ణి.

ఆ ఆదివారం అక్క నాతోనే బండెక్కింది. ఒడిలో పసుపు డబ్బా, పాత చీర చింపిన పట్టీలు. ధారూరు దాటేదాకా మాట్లాడలేదు. తరువాత “సర్వకు సొట్ట వడితె నువ్వే కొనియ్యాలె” అంది. ఆ మాట అంటూనే పట్టీలు మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకుంది. దాంతో నాకున్న కాస్త ధైర్యం కూడా తరువాతి స్టేషనులో దిగిపోయింది.

మధ్యాహ్నానికి మైదానం నిండింది. సర్వ బోర్లించుకుని, గోడ వెనుక గడ్డి మీద నిలబడ్డాను. ముందు బండలు, పైన ఆకాశం ముక్క, ఇంకేమీ కనబడవు. డప్పు మోగింది. మా కాకతీయ సైనికులు నాకు రెండువైపులా ఈటెలెత్తి అరిచారు. అవతల ఢిల్లీ సైన్యం దూలం భుజాన వేసుకుని కేకలు పెడుతూ పరుగెత్తి వస్తున్న చప్పుడు నేలలోంచి నా కాళ్ళలోకి ఎక్కింది. కళ్ళు మూసుకున్నాను. ‘అబ్బా’ అనాలన్న మాట కూడా మరిచిపోయి ‘అక్కా’ అన్నాను.

చప్పుడు గోడ దాకా వచ్చి ఆగిపోయింది.

ధడేలుమంటుందని ఎదురుచూస్తున్నాను. ఏమీ అనలేదు. దూలం నేల మీద పెట్టిన మెత్తటి చప్పుడు, తరువాత సర్రుమని రాతి మీద రాయి జరిగిన చప్పుడు. కళ్ళు తెరిచాను. నా ముందర పైవరసలో ఒక బండ మాయమై, అక్కడినుంచి వెలుతురు పడుతోంది. ఆ వెలుతుర్లో గోనెపీచు గడ్డం, దాని వెనుక పెద్ద మేస్త్రి మొహం.

“సారూ, జర ఎన్కకు జరుగుండ్రి. కాళ్ళ మీద వడితె దెబ్బ తాకుతది” అన్నాడు.

జరిగాను. అంత శ్రద్ధగా ఏ ఆజ్ఞా ఎప్పుడూ పాటించి ఉండను.

జరిగిందేమిటంటే, పరుగెత్తి వచ్చిన సైన్యం గోడ దగ్గరకు రాగానే దూలం ఎత్తింది, కానీ చేతులు ఒప్పుకోలేదు. పొద్దంతా బండ అంచు చిట్లకుండా, మూల పలగకుండా పసిబిడ్డను మోసినట్టు మోసే చేతులవి. ఆ చేతులకు బండను తీయడం తెలుసు, దించడం తెలుసు, పేర్చడం తెలుసు. కూలదొయ్యడం వాటికి నేర్పినవాళ్ళు లేరు. మేస్త్రి మొదటి బండ ఎత్తగానే ఆయన వెనుక ఢిల్లీ సైన్యమంతా ఎవరూ చెప్పకుండానే వరసగా నిలబడింది. బండ చేతి నుంచి చేతికి పోయి, చివర ఉన్నవాడు దాన్ని నేల మీద మెల్లగా పేర్చాడు. నీలం ఒక దిక్కు, పసుపు ఒక దిక్కు. సరిహద్దు నుంచి పనికి వచ్చిన కన్నడం మనిషి ఒకడు బండ బండకూ “నిధాన, నిధాన” అంటూ ఉన్నాడు. కోటలు జయించే సైన్యాలు ఎన్నో కేకలు పెట్టి ఉంటాయి గానీ ఆ కేక పెట్టిన సైన్యం లోకంలో అదొక్కటే అయి ఉంటుంది.

సారు కత్తి దూసినట్టు గొడుగు దూసి పరుగెత్తుకొచ్చారు. “నూకుండ్రి! గోడను నూకుండ్రయ్యా!”

“నూకితె పల్గుతయ్ సార్” అన్నాడు మేస్త్రి.

“పల్గనియ్యి. సేటు ఏమనడు. ఇది యుద్ధం.”

“యుద్ధమే గావచ్చు సార్. పాలిషైన మాలు” అని మేస్త్రి మరో బండ అందుకున్నాడు. అది రెండడుగుల బండ, బరువైనది. ఒక కొస ఆయన చేతిలో ఉంది, ఇంకో కొస గాలిలో ఉంది. ఎవరో ఒకరు పట్టాలి కదా? బురుజు కాచే నాయకుణ్ణి, గోడ కింద చావవలసిన వాణ్ణి, నేనే ఆ కొస పట్టుకున్నాను. నన్ను చూసి మా కాకతీయ వీరులు కూడా ఈటెలు పక్కన పడేసి చెయ్యి వేశారు. జనంలోంచి హమాలీలు కొందరు ధోవతులు ఎగ్గట్టి దిగారు. కొంతసేపటికి ఎవరు ఢిల్లీయో ఎవరు ఓరుగల్లో తెలియలేదు. చివరి వరస కూడా లేచిపోయి మైదానం చదునుగా కనబడినప్పుడు నాకు వచ్చిన హాయి ఇంత అని చెప్పలేను. చేతులూ కాళ్ళూ తడుముకున్నాను. అన్నీ నావే, అన్నీ ఉన్నాయి. అవతల అక్క పసుపు డబ్బా పక్కన పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, పక్కావిడతో “వాడు మా తమ్ముడే” అంటోంది.

సారు నా చెవి దగ్గరకు వచ్చారు. “సావు.”

“గోడ వడకుంట ఎట్ల సావాలె సార్?” అన్నాను. నలుగురిలో నేను విప్పిన మొదటి నోరు అదే. “గోడ వడితెనే గద వాడు సచ్చింది.”

అది ఆయన తర్కమే. కానీ సారుకు ఇంకో చిక్కు ఉంది, అది అప్పుడే బయటపడింది. నా శవం మీద చెయ్యి వేసి చదవడానికి పెద్ద సంతాప ప్రసంగం రాసుకొచ్చారు. జనం లేవకుండా కూర్చున్నారు, ఏదో ఒకటి చెప్పక తప్పదు. జేబులోంచి కాగితాలు తీశారు. నేను ఆ పేర్చిన బండల మీద సర్వ పక్కన పెట్టుకుని, ఎవరో ఇచ్చిన చాయ్ పట్టుకుని సర్దుకు కూర్చున్నాను. మేస్త్రి నా పక్కనే గడ్డం ఊడదీసి చెమట తుడుచుకుంటున్నాడు.

“ఓ వీరాగ్రేసరా” అని మొదలుపెట్టారు సారు, నా వైపు చూడకుండా. “మౌనంగా నేలకొరిగిన సింహమా, నీ దేశభక్తి హిమవంతము, నీ ధైర్యము సాగరము...” నేను చాయ్ తాగుతూ తలూపాను. జనంలో ఎక్కడో కిసుక్కుమంది. “నీ వంటివాణ్ణి మళ్ళీ ఎన్నడు చూడగలము” అన్న చోట నేను కాస్త ముందుకు జరిగి కూర్చున్నాను, బాగా కనబడేట్టు. మైదానమంతా నవ్వింది. సారు మాత్రం ఆగలేదు, చదువుకుంటూ పోయి చివరిదాకా చదివారు. నోట్లో నీరు ఇంకిపోయింది పాపం. కాగితాలు మడుస్తూ ఉండగా నేను బళ్ళో లేచినట్టు లేచి నిలబడి చెయ్యెత్తాను.

“సార్, సింహం కాడి నుంచి ఇంకోపారి సదువుండ్రి. ఎన్క కూసున్నోళ్ళకు ఇనవడలే.”

ఎంతైనా పంతులు. విద్యార్థి అర్థం కాలేదని చెయ్యెత్తితే మళ్ళీ చెప్పకుండా ఉండలేడు. నావైపు ఒక చూపు చూసి, కళ్ళజోడు సర్దుకుని, కాగితాలు విప్పి, సింహం దగ్గర నుంచి హిమవంతం మీదుగా సాగరం దాకా, ఈసారి గట్టిగా, ఒక్కో ముక్క విడమరిచి, నన్ను పొగిడారు. నేను నిలబడే విన్నాను. ఆ తరువాత నా కొలువంతా గడిచిపోయింది, పింఛను కూడా తీసుకుంటున్నాను. మొదటిసారి చదివినప్పుడే నా పగ తీరిపోయింది; రెండోసారి మాత్రం, ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గెందుకు, వినాలనిపించే చదివించుకున్నాను.