రెండు వేళ్ల వదులు

కూర్చోబెడితే చాలు, బుడ్డోడు పక్కకి ఒరిగిపోతున్నాడు. ఎందుకో కనుక్కుందామని ఫోనులో తల్లుల గ్రూపులో అడగడమే దర్జీ పని చేసే వాళ్లమ్మ చేసిన పాపం. తల చుట్టుకొలత చూడమని ఒకావిడ రాసింది. అదెంత పని! పొద్దస్తమానం కొలతలు తీసే చెయ్యి. ఒక జాకెట్టు కుట్టి ఇంకోటి మొదలెట్టే మధ్యన మెడలోని టేపు తీసి కొలిచి, ఆ అంకె గ్రూపులో పెట్టేసింది.

ఇక చూడండి తమాషా. అమ్మో, చాలా పెద్ద తల అంది ఒకామె. పెద్ద తలవాళ్లు మహా తెలివైనవాళ్లు అంది ఇంకొకామె. తలలో నీరు చేరిందేమో అని మరొకామె రాసి, చివర నవ్వే బొమ్మ పెట్టింది. ఆ నవ్వు ధైర్యం చెప్పడానికో, వెక్కిరించడానికో అంతుపట్టలేదు. ఏది చదివితే అదే నిజమనిపించింది.

"అత్తయ్యా, వీడి తల మరీ పెద్దదా?"

"మీ ఆయనది చిన్నదా ఏం? చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆ ఫోనులో ఏం వెతుకుతావే? ముందు వాడికి పాలివ్వు."

ఆ మాటకి ఊరట కలగాలి. కలగలేదు. ఆ భయంలో ఎవరిదో జాకెట్టుకి ఎడమ చెయ్యి కుడివైపు కుట్టేసింది.

మర్నాడు క్లినిక్‌లో నర్సు తన టేపుతో కొలిచింది. "వయసుకి తగ్గట్టే ఉందమ్మా. కూర్చోవడం అంటారా, ఇంకా టైముంది, వాడే కూర్చుంటాడు."

"మరి నాకు ఎక్కువొచ్చిందే?"

"ఏదీ, ఎలా కొలిచారు?"

దర్జీ టేపు చుట్టింది. అలవాటు కొద్దీ రెండు వేళ్లు టేపు కిందకి దూరాయి. జాకెట్టు బిగిసిపోకుండా వదిలే వదులు.

"తలక్కూడా వదులు పెట్టారా అమ్మా!" అని నర్సు పడీపడీ నవ్వింది. దర్జీకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఈ సంగతి చెబుదామని బయట బెంచీ మీద కూర్చుని గ్రూపు తెరిచింది. ఎవరో కొత్త తల్లి రాసింది: "మీ బాబు అంకె చూసి మా పాపకీ కొలిచాను. ఇద్దరిదీ ఒకే వయసు, మాది బాగా తక్కువొచ్చింది. నిన్నట్నుంచీ ఏడుస్తూనే ఉన్నాను."

దర్జీ ఒళ్లో బుడ్డోడు ఒరిగిపోతుంటే మోచేత్తో ఆపుతూ, "నీ పాప తల బాగానే ఉండుంటుందమ్మా, నా కొలతే తప్పు" అని గబగబా రాసింది.

"మీరేమైనా డాక్టరా?" అని వెంటనే ఎవరో అడిగారు.

నిన్న ఆ అంకె పెట్టినప్పుడు ఒక్కరూ అడగని ప్రశ్న అది.