పదివేల నూటపదహారో కాపీ

గూడెం బ్రాంచికి మేనేజర్నయ్యానండీ! ముందు స్వీటు తీసుకోండి. ఎలా అయ్యానో మాత్రం అడక్కండి. సరే, అంత ముఖం పెట్టి అడుగుతున్నారు కాబట్టి చెబుతాను. నవ్వితే మాత్రం స్వీటు వెనక్కి తీసుకుంటాను.

మా ఏలూరు ఆఫీసు సంగతి మీకు తెలుసుగా. చేపలకి ఐసు, ప్యాకింగ్ పెట్టెలు సప్లై చేస్తాం. నేనేమో పొద్దున్నే తాడేపల్లిగూడెంలో రైలెక్కడం, సాయంత్రం ఏలూరు నుంచి ఒంటికాలి మీద నిలబడి రావడం. ఆ రైల్లో నా చున్నీ మీద పడని టీ లేదు! అలాంటి టైములో మా ఓనరు రావు గారు ఒక మాటన్నారు. "అమ్మా వాసంతీ, మండవల్లి చేపల రైతులు ఏడాది కాంట్రాక్టు మనకిస్తే గూడెంలో బ్రాంచి తెరుస్తాను. దానికి నువ్వే మేనేజరువి." ఇంటి నుంచి నడిచి వెళ్లే ఉద్యోగమండీ! ఆ రోజే చిన్నతిరుపతి వెంకన్నకి మొక్కేసుకున్నాను.

రైతులకి చూపించడానికి మంచి ప్రజెంటేషన్ చేయాలి. కానీ మా ఆఫీసులో ఫైళ్ల పేర్లు చూస్తే ఏడుపొస్తుంది. 'రేట్లు న్యూ', 'రేట్లు న్యూ న్యూ', 'రేట్లు ఇదే', 'రేట్లు ఇది కాదు'. ఏది తాజాదో తెలియక ఒకసారి పోయినేడాది రేట్లే పంపించేశాం. ఇక లాభం లేదని నేనే నడుం కట్టాను. తయారైన ఫైలుకి 'ఫైనల్' అని పేరు పెట్టాలని రూలు తెచ్చాను. రావు గారు కుర్చీలోంచి లేచిపోయారు.

"ఫైనలేంటమ్మా! ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. నువ్వు పొద్దున్నే ఆఫీసు తెరిచి ఆఖరు, ఆఖరు అంటావా?"

"పోనీ ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేద్దామండీ."

"మూడొద్దు. ఎనిమిది అసలే వద్దు."

అప్పుడు వెలిగిందండీ నా బుర్ర! పెళ్లిళ్లలో చదివింపులు చదివిస్తాం కదా, ఆ లెక్కనే పెట్టేశాను. మొదటి కాపీ పదకొండు. దిద్దితే నూటపదహారు. ఇంకా దిద్దితే వెయ్యిన్నూటపదహారు. రావు గారు మురిసిపోయారు. రూల్సు ప్రింటు తీసి గోడకి అంటించాను: 'పాత కాపీ మీద సేవ్ చేయరాదు. పెద్ద నంబరే తాజా కాపీ.' కంప్యూటర్లు చూసే ఖాదర్ గారు రెండుసార్లు చదివి, "బానే ఉందండీ, కానీ తెరిచి ఒకసారి చూసుకోవాలని కూడా రాయండి" అన్నారు. "రూలు ఉన్నాక చూసుకోవడమెందుకండీ?" అన్నాను. అన్నది నేనే!

ప్రజెంటేషన్ పూర్తయింది. వెయ్యిన్నూటపదహారు. అద్దంలా తళతళ. మండవల్లి వెళ్లే రోజు పొద్దున ఫోల్డర్ తెరిచేసరికి పదివేల నూటపదహారు అని ఇంకొకటి కనబడింది. రావు గారు ఏదో చిన్న అక్షరం దిద్ది, నా రూలు ప్రకారం కొత్త నంబరుతో సేవ్ చేశారనుకున్నాను. ఓనరు గారికి కూడా నేర్పేశానని ఒకటే పొంగిపోయాను. అదే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కారెక్కాను.

మండవల్లి రైతు సంఘం హాలు నిండా జనం. ముందు వరుసలో అధ్యక్షుడు సత్యం గారు, పెద్దాయన. పక్కన మా రావు గారు. ఖాదర్ గారు ప్రొజెక్టర్ పెట్టారు. నేను మైకు పట్టుకుని "నమస్కారమండీ" అన్నాను. మొదటి స్లైడు పడింది.

'మా ఐసు కరగనే కరగదు!' అని నల్లక్షరాల్లో నేను రాసిన మాట. దాని కింద ఎర్రగా, ఇంతింత లావున: 'అమ్మా వాసంతీ, ఐసన్నాక కరుగుతుంది. ఇది చూస్తే రైతులు నవ్విపోతారు. తీసెయ్.'

నవ్వారు. హాలు మొత్తం నవ్వింది. రావు గారు దిద్దింది చిన్న అక్షరం కాదండీ, స్లైడుకో చీవాటు రాసి పెట్టారు!

"తీసేయండి ఖాదర్ గారూ!" అని గుసగుసగా అన్నాను. ఆ కంగారులో ఆయన ఏదో నొక్కితే తర్వాతది వచ్చేసింది. చేపని పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి బొమ్మ. ఇంటర్నెట్లో చూసి నేనే పెట్టాను. దాని కింద ఎర్రగా: 'ఈ దొరసాని ఎవరు? ఆ చేప మన కొల్లేరు చేప కాదు. మంచి కట్ల చేప బొమ్మ పెట్టు.'

"ఆపేయండి!" అన్నాను, మైకులో.

"ఆపొద్దండీ, ఆపొద్దు. తర్వాతది చూపించండి" అన్నారు సత్యం గారు.

తర్వాతది 'మా లారీ ఎన్నడూ ఆలస్యం కాదు.' దాని కింద: 'మొన్న వేసవిలో మన లారీ వెళ్లేసరికి వాళ్ల చేపలు ఒడ్డున పడి ఎదురుచూశాయి. మర్చిపోతారా? ముందు తప్పయిందని రాయి. ఇకనుంచి చేపల పట్టుబడికి ముందురోజే బండి చెరువు దగ్గరుంటుందని రాయి. లేటైతే ఆ రోజు ఐసు ఉచితమని రాయి.'

ఈసారి ఎవరూ నవ్వలేదు. రావు గారు తల వంచేసుకున్నారు. నాకు మాత్రం గూడెం స్టేషన్‌లో జీవితాంతం రైలు కోసం నిలబడి ఉన్న నేనే కనబడ్డాను.

సత్యం గారు నెమ్మదిగా లేచారు. "ఏవండీ, ఆ ఎర్రక్షరాలు ఎవరు రాశారండీ?"

రావు గారు బడిలో పిల్లాడిలా చెయ్యెత్తారు.

"మా చెరువు గట్టు మీద మేమనుకున్న మాటలే రాశారు కదండీ! ఆ నల్లక్షరాలు తీసేసి, ఎర్రవి కాగితం మీద పెట్టండి. సంతకం పెట్టేస్తాం."

చప్పట్లండీ! ఎగిరి గంతేయాలనిపించింది. మైకు చేతిలో ఉంది కాబట్టి ఊరుకున్నాను. తిరిగి వస్తుంటే రావు గారు, "నీ రూలు గొప్పదమ్మా. తాజా కాపీయే వచ్చింది" అన్నారు. కారు నడుపుతున్న ఖాదర్ గారు అద్దంలోంచి నా వైపు ఒకసారి చూసి, మళ్లీ రోడ్డు వైపు తిరిగారు. మంచి మనిషి.

మర్నాడు రావు గారు "నీ మేనేజరు ఆర్డరు నువ్వే టైపు చేసుకో, సంతకం పెడతాను" అన్నారు. కొత్తగా ఏం రాస్తాంలే అని, మా వాచ్‌మన్‌కి ఇచ్చిన పాత ఆర్డరు తెరిచాను. పేరు, ఊరు మార్చి పదకొండు అని సేవ్ చేశాను. ఉద్యోగం, బాధ్యతలు మార్చి నూటపదహారు అని సేవ్ చేశాను. ప్రింటు తీశాను. ఆయన సంతకం పెట్టారు. దాన్ని దేవుడి దగ్గర పెట్టి, మా ఆయన చేతికిచ్చి గట్టిగా చదవమన్నాను.

"శ్రీమతి వాసంతి గారిని తాడేపల్లిగూడెం బ్రాంచిలో..." అని మొదలుపెట్టి, ఆగి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. "...రాత్రి కాపలాకి నియమించడమైనది. వీరికి ఒక టార్చిలైటు, ఒక కర్ర, ఒక ఈల ఇవ్వబడును."

పదకొండో కాపీ ప్రింటు తీశానండీ!

రావు గారికి చెబితే కడుపుబ్బ నవ్వి కొత్త ఆర్డరు మీద సంతకం పెట్టారు. "కానీ పాతదాని మీదా పెట్టాను కదమ్మా, మాట తప్పకూడదు" అని ఆ మూడూ పంపించేశారు. ఇప్పుడు నా బల్ల మీద నేమ్‌ప్లేటు, పక్కనే టార్చిలైటు. ఇక ఫైలుకి ఎవరైనా 'న్యూ న్యూ' అని పేరు పెడితే ఈల ఊదుతానని మొదటిరోజే అందరికీ ప్రకటించాను. కంప్యూటర్ పెట్టడానికి వచ్చిన ఖాదర్ గారు నా పెన్‌డ్రైవ్ తెరిచారు. అందులో, నేను గోడకి అంటించిన రూల్సు ఫైలు పేరు చూశారు. 'రూల్స్ న్యూ న్యూ ఇదే.'

బల్ల మీది ఈల తీసి, నా చెవి పక్కనే ఊదారండీ!