డ్యాంపా, మాయిస్టా... మా మిరపకాయల తడి

మా చిన్నప్పుడు... మిరప టిక్కీలు, అదే కాయ తొక్కిన గోతాలు, గుంటూరు కమీషన్ కొట్టుకి వెళ్ళే రోజున నాన్న నన్ను కూడా లారీ ఎక్కించాడు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి.

"కొట్టాయన, ఆ కొనే మద్రాసాయన ఇంగ్లీషులో గొణుక్కుంటారు. చెవినేసుకో. నీకొచ్చని మాత్రం తెలియనీయమాక" అన్నాడు. మా నాన్న తన నీడనే నమ్మడు లెండి...

నా ఇంగ్లీషంతా మిషన్ బడిలో టీచరైన మా పిన్ని పెట్టిన భిక్ష. తడికి అన్ని మాటలెందుకని నేను విసుక్కుంటే విడమరిచి చెప్పేది. ఉతికిన బట్ట వెట్... వాన కారి వాసనొచ్చే చర్చి గోడ డ్యాంప్... లోపల మెత్తగా ఉండే క్రిస్మస్ కేకు మాయిస్ట్.

మిరప పండించినవాళ్ళకి తెలుసు... కళ్ళంలో గలగలలాడే కాయని అలాగే గోతంలో తొక్కితే పొడైపోతుంది. అందుకే ముందురోజు వేపరొట్టతో నాలుగు నీళ్ళు చిలకరించి, కాయ మెత్తబడ్డాక తొక్కేవాళ్ళు. బరువు కోసం బిందెలతో పోసేవాళ్ళూ ఉండేవారు. కొనేవాడికి అందరి మీదా అనుమానమే.

మద్రాసాయన టిక్కీలో చెయ్యి పెట్టి, ఒక కాయ వంచి చూసి, మొహం ముడిచాడు. "డ్యాంప్" అన్నాడు.

"ఏమంటన్నాడండీ?" అన్నాడు నాన్న.

"ఏం లేదులే, కాస్త మెత్తగా ఉన్నాయంట" అన్నాడు కొట్టాయన, నాన్న కళ్ళలోకి చూడకుండా.

మెత్తన వేరు, చర్చి గోడ వేరు! లోడు వెనక్కి తిప్పితే ఆ తడికి బూజు పట్టి, ఏడాది కష్టం పెంటకుప్ప పాలే. నాన్న హెచ్చరిక మరిచిపోయి లేచాను.

"మెత్తగా అని కాదు నాన్నా! ముక్కిపోయినయ్యంటున్నాడు!"

కొట్టాయన గబగబా కండువాతో మొహం తుడుచుకున్నాడు. గొడవ లేకుండా సర్దుదామనుకున్నాడో, ఇంకేమన్నా ఉందో... నాకిప్పటికీ అనుమానమే.

నేను ఒక కాయ మద్రాసాయన చేతికిచ్చాను. "నో సార్... మాయిస్ట్ సార్. డ్యాంప్ అయితే స్మెల్ వస్తుంది సార్. చూడండి సార్" అన్నాను, ఉన్న ఇంగ్లీషు అయిపోయి.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, కాయ విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. ఇక తుమ్ములే తుమ్ములు! హమాలీలంతా నవ్వారు. ఆయన మాత్రం ముక్కు తుడుచుకుంటూనే, అన్నిటికన్నా కిందున్న టిక్కీ కుమ్మరించమన్నాడు. దాంట్లోనూ అదే కాయ, అదే ఘాటు. "ఓకే... మాయిస్ట్" అని తలూపాడు.

తిరుగు బస్సులో నాన్న మెచ్చుకుంటాడనుకున్నాను. సగం దారిలో మెల్లగా "ఏమే, నిజం చెప్పు... ఆ రెండో మాట మంచిదేనా?" అన్నాడు.

ఊళ్ళో దిగాక ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా పిన్ని దగ్గరికి నడిచాడు. "మంచిదే బావగారూ, కేకుని అంటారు ఆ మాట" అని పిన్ని చెప్పాకే నవ్వాడు.

ఇప్పుడు మీటరు గుచ్చితే తేమ ఎంతో అంకెల్లో వస్తోంది. నాన్న ఉండుంటే ఆ మీటరుని కూడా వెనక్కి తిప్పి చూసేవాడు... ఎవర్నీ నమ్మని ఆ మనిషి, ఆ పూట ఏడాది పంటని నా నోటి మాట మీద వదిలేసి నిలబడ్డాడు. తలుచుకుంటే కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఈ తడిని ఏమనాలో పిన్ని చెప్పనే లేదు.

మీ వాళ్ళు కూడా మిమ్మల్నిలా ఇంగ్లీషు ముందు నిలబెట్టారా? చెప్పండి, వింటాను... నమ్ముతానో లేదో మాత్రం చెప్పలేను, నాన్న పోలిక కదా!